మాధవధార మెట్లు, మామ్మ చేతికర్ర

మా మామ్మ చేతికర్ర ఇప్పటికీ మా ఇంట్లో వీధి తలుపు మూలన ఉంటుంది. వెదురు కర్ర. అడుగున ఇనప పొన్ను. ఆవిడ పట్టుకున్న చోట నున్నగా, కొంచెం నల్లగా తేలి ఉంటుంది. మామ్మ పోయి ఇరవై ఏళ్లు దాటింది. కొండెక్కే రోజు నేను ఆ కర్ర లేకుండా బయల్దేరను.

మా ఇల్లు విశాఖపట్నం మాధవధారలో, సరిగ్గా కొండ పాదం దగ్గర. నేను చెప్పేది 1980ల మాట. అప్పటికి అక్కడ ఇన్ని అపార్ట్‌మెంట్లు లేవు. పెరటి గోడ దాటితే జీడిమామిడి చెట్లు, సీతాఫలం పొదలు, ఆ పైన అంతా కొండే. మాధవస్వామి గుడి వైపు నుంచి పాత రాతి మెట్ల దారి ఒకటి కొండ మీదుగా సింహాచలం వరకూ వెళ్తుంది. నాన్న పోర్టులో పనిచేసేవారు. ఆయన మమ్మల్ని బస్సులో గోపాలపట్నం మీదుగా తీసుకెళ్లేవారు. మామ్మకి మాత్రం బస్సు పడదు. "అప్పన్న కాడికి నడిసే ఎల్లాల" అనేది. నెలకో రెండు నెలలకో ఒక శనివారం మామ్మ, నేను, మా చిన్నాన్న ముగ్గురం ఆ మెట్ల దారిన వెళ్లేవాళ్లం.

తెల్లారకుండా మామ్మ గడప దాటనిచ్చేది కాదు. నాకు మూడింటికే మెలకువ వచ్చేసేది. జడ వేయించుకుని, పరికిణీ కట్టుకుని, అరుగు మీద కూర్చుని "ఎప్పుడు మామ్మా, ఎప్పుడు మామ్మా" అని ప్రాణం తీసేదాన్ని. ఆవిడ ఆకాశం కేసి చూసి "నీ అరచేతిలో గీతలు నీకు కనబడాల. అప్పుడు ఎల్దాం" అనేది. నేను చెయ్యి ముఖం దగ్గర పెట్టుకుని గీతల కోసం కళ్లు చిట్లించుకుని చూసేదాన్ని.

దారిలో మామ్మ ముందు, నేను మధ్యలో, చిన్నాన్న వెనక. ఆవిడ కర్రతో ప్రతి మెట్టునీ రెండుసార్లు కొట్టేది. టక్కు, టక్కు, అడుగు. టక్కు, టక్కు, అడుగు. ఆ పొన్ను రాతి మీద చేసే చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మెట్లు విరిగిపోయి ఆకులు పేరుకున్న చోట కొట్టేది కాదు, కర్ర మొనతో ఆకులు పక్కకి తోసి నేల చూసుకుని అడుగు వేసేది. చెట్టు కూలి దారికి అడ్డంగా పడి ఉంటే దాన్ని దాటనిచ్చేది కాదు. ముందు దుంగ మీదకి ఎక్కాలి, అవతల ఏముందో వంగి చూడాలి, అప్పుడు దిగాలి. నేనొకసారి జింక పిల్లలా గెంతేస్తే జడ పట్టుకుని వెనక్కి లాగింది.

"ఒలే గుంటా, కన్ను ఎల్లని చోటికి కాలు ఎల్లకూడదే."

కాలే కాదు, చెయ్యి కూడా. జీడిపళ్ల రోజుల్లో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పేది. వేసవిలో జీడిమామిడి పళ్లు రాలి ఆకుల్లో పడి ఉంటాయి. ఎర్రగా, పసుపుగా మెరుస్తూ కనిపిస్తే పిల్లలకి చెయ్యి ఆగదు. పుల్లతో బయటికి లాగి తీసుకోవాలి తప్ప ఆకుల్లోకి వేళ్లు పెట్టకూడదు. రాళ్ల సందులో పడిన పండు పోయినట్టే, దాన్ని మర్చిపోవాలి. ఎన్ని మంచి పళ్లు అలా వదిలేశామో!

నాకు తొమ్మిదేళ్లప్పుడు, కార్తీకం ముందు అనుకుంటా, దారి మలుపులో మామ్మ కర్ర రైలు గేటులా నా ఛాతీకి అడ్డంగా పడింది. మాకు పది అడుగుల ముందు, ఎండ పడిన ఒక మెట్టు మీద తాచుపాము. పడగ ఎత్తలేదు. అలా పొడుగ్గా పడుకుని ఉంది. గోధుమ రంగు ఒళ్లు ఎండలో నూనె రాసినట్టు మెరుస్తోంది. నాకు ఏడుపు రావడం మర్చిపోయింది. మామ్మ నన్ను వెనక్కి రెండు మెట్లు నడిపించింది, నెమ్మదిగా, తిప్పకుండా. చిన్నాన్న రాయి కోసం వంగితే కంటితోనే వద్దంది.

"దానింటికాడికి మనమొచ్చేం. అదెల్లేదాకా మనమే ఆగాల."

ఆగాం. ఎంతసేపో తెలీదు. అది కదిలి, తల ఎత్తి, మళ్లీ దించి, తీరిగ్గా పొదలోకి వెళ్లిపోయింది. తోక చివర కూడా కనబడకుండా పోయాక మామ్మ దణ్ణం పెట్టుకుంది. ఆ తరవాత ఇంకా కొంతసేపు నిలబెట్టింది. పాముకి జత ఉంటుందని, ఒకదాన్ని చూస్తే రెండోది దగ్గర్లోనే ఉంటుందని ఆవిడ నమ్మకం. పాము పగ పన్నెండేళ్లు అని కూడా నమ్మేది. ఇవి నిజం కావని నాకు పెద్దయ్యాక తెలిసింది. పాముకి పగపట్టి వెతికే జ్ఞాపకం లేదు. అయితే ఆ నమ్మకం వల్లే మా ఇంట్లో ఎవరూ పాముని కొట్టలేదు. కొట్టబోతే కాటు పడే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి, ఆ నమ్మకం మాకు మంచే చేసిందని అనుకుంటాను.

చీకటి పడ్డాక మా ఇంట్లో పాము అనే మాట ఉండేది కాదు. "పురుగు" అనాలి. కరిచింది అనకూడదు, "ముట్టింది" అనాలి. నాగుల చవితినాడు కొండ కింద పుట్టకి పాలు పోసి, చిమ్మిలి, చలివిడి పెట్టి, పుట్టమన్ను చెవులకి రాసుకునేవాళ్లం. అంత భక్తి, అంత భయం, అంత జాగ్రత్త ఉన్న ఇంట్లోనే 1986 శ్రావణంలో మా చిన్నాన్నని పురుగు ముట్టింది.

ఆ రోజు సాయంత్రం ముసురు. ఆవు కొండవారకి మేతకి వెళ్లి రాలేదు. చిన్నాన్నకి అప్పుడు ఇరవై రెండేళ్లు. చెప్పుల్లేకుండా, దీపం లేకుండా, చేతిలో కర్ర కూడా లేకుండా పరిగెత్తాడు. మామ్మ ఆ టైముకి ఇంట్లో లేదు. ఉంటే వెళ్లనిచ్చేది కాదు. ఆవుని పట్టుకుని వస్తుంటే గడ్డిలో మడమ పైన కాటు. వెనక్కి చూస్తే చుట్ట చుట్టుకుని, ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస కొడుతూ రక్తపింజరి ఉంది.

అప్పటికి మా వీధిలో అందరికీ వైద్యం తెలుసు. ఎవరో మోకాలి కింద కొబ్బరి తాడు బిగించి కట్టారు. ఇంకెవరో బ్లేడుతో కాటు మీద గాటు పెట్టారు. కోడిపిల్లలని తెచ్చి గాయానికి ఆనించారు, అవి విషం లాగేస్తాయని. ఆ తరవాత మంత్రం వేసే ఆయన దగ్గరికి మోసుకెళ్లారు. ఆయన వేపమండలు దించాడు, మిరియాలు నమిలించాడు. కాలు మాత్రం ఉబ్బుతూనే ఉంది. అర్ధరాత్రి దాటాక చిన్నాన్న చిగుళ్ల నుంచి రక్తం రావడం మొదలైంది. అప్పుడు నాన్న ఎవరి మాటా వినకుండా, ఒక లారీ ఆపి, పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు.

ఆరేడు గంటలు పోయాయి. అంత ఆలస్యమైనా ఆస్పత్రిలో ఇచ్చిన విరుగుడు మందు పనిచేసింది, చిన్నాన్న బతికాడు. కిడ్నీలు దెబ్బతిని చాలా రోజులు కష్టపడ్డాడు. తాడు కట్టిన చోటు నుంచి కింద కాలు నల్లబడింది, రెండు వేళ్లు తీసేశారు. డ్యూటీలో ఉన్న డాక్టరు నాన్నతో చెప్పిన మాట నాన్న జీవితాంతం చెబుతూనే ఉన్నారు: "మీరేమీ చెయ్యకుండా తెచ్చి ఉంటే ఆ వేళ్లు దక్కేవి."

నేను ఇన్నేళ్లుగా దీని గురించే ఆలోచిస్తున్నాను. నడిచేటప్పుడు మా పెద్దవాళ్లు చెప్పినవి దాదాపు అన్నీ సరైనవే. కాటు పడ్డాక చేసినవి దాదాపు అన్నీ తప్పు. రెండూ ఒకే ఇంట్లో, ఒకే మనుషుల దగ్గర నేర్చుకున్నాం. మొదటిది ఉంచుకుని రెండోది వదిలెయ్యడం చెప్పినంత తేలిక కాదు. మామ్మ మాట తీసేసినట్టు అనిపిస్తుంది. నాకు అలాగే అనిపించేది.

చాలా ఏళ్ల తరవాత, నాకు పెళ్లయి బాబు పుట్టాక, కంబాలకొండలో అటవీ శాఖ వాళ్ల నడకకి ఒకసారి వెళ్లాను. జూ పార్కు దగ్గర, హైవే పక్కనే, దాదాపు 70 చదరపు కిలోమీటర్ల అడవి. ఊరి మధ్యలో అంత అడవి ఉండటం మన అదృష్టం. మాతో వచ్చిన గార్డు పెద్దాయన నడుస్తూ చెప్పిన ప్రతి మాటా నేను ముందే విన్నట్టుంది. దుంగ దాటొద్దు, ఎక్కి చూసి దిగండి. ఆకుల్లో చెయ్యి పెట్టొద్దు. దారి వదలొద్దు. కనబడితే ఆగండి, వెనక్కి రండి, అది పోయేదాకా ఉండండి. నాకు గొంతు పట్టేసింది. మామ్మే ఖాకీ చొక్కా వేసుకుని నడుస్తున్నట్టు అనిపించింది.

కర్ర చప్పుడు సంగతి కూడా ఆయనే విడమర్చి చెప్పాడు. పాముకి బయటికి కనిపించే చెవులు ఉండవు. నేల అదురు దవడ ఎముకల ద్వారా దానికి తెలుస్తుంది. మనిషి వస్తున్నాడని తెలిస్తే తాచు, జెర్రిపోతు లాంటివి చాలావరకు తప్పుకుంటాయి. రక్తపింజరి అలా కాదు. ఎండుటాకుల్లో కలిసిపోయే రంగు ఉంది కాబట్టి కదలకుండా పడుకునే ఉంటుంది. పక్క నుంచి వెళ్లినా కదలదు, తొక్కితే కాటేస్తుంది. అందుకే కర్ర కొట్టడం ఒక్కటీ చాలదు, చూసి అడుగు వెయ్యాలి. మామ్మ రాతి మీద కర్ర కొట్టి, ఆకుల మీద మాత్రం కొట్టకుండా తోసి చూడటం ఎందుకో నాకు ఆ రోజు అర్థమైంది. ఆవిడకి దవడ ఎముకల సంగతి తెలీదు. ఏ పాము ఎక్కడ ఎలా ఉంటుందో తెలుసు.

మన దగ్గర ప్రాణాలు తీసేవి ముఖ్యంగా నాలుగు: తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజర. ఆస్పత్రుల్లో ఇచ్చే విరుగుడు మందు ఈ నాలుగింటికీ కలిపి ఒకటే. గుర్రాలకి కొద్ది కొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తం నుంచి తీస్తారు. దానికి కావలసిన విషంలో చాలా భాగం చెన్నై దగ్గర ఇరుల గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుంది. వాళ్లు పాముని పట్టి, విషం తీసుకుని, మళ్లీ అడవిలో వదిలేస్తారు. పాడేరు వైపు, మన తూర్పు కనుమల్లో గిరినాగు కూడా ఉంది. ప్రపంచంలో విషపు పాముల్లో అదే అన్నిటికన్నా పొడుగైనది, తోటి పాముల్నే తింటుంది. మన నాలుగు పాముల మందు దాని విషానికి పనికిరాదు. అది మనిషి జోలికి రావడం చాలా అరుదు. అయినా గిరినాగు కనిపిస్తే ఫోటో కోసం కూడా దగ్గరికి వెళ్లొద్దు.

ఇక హుద్‌హుద్ తుపాను. 2014 అక్టోబర్ 12 గురించి వైజాగ్ వాళ్లకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. మర్నాడు కొండ వైపు చూస్తే ఆకుపచ్చ లేదు, మంట పెట్టినట్టు గోధుమరంగు. మా పెరటి జీడిమామిడి చెట్లన్నీ నేల మీద. కరెంటు లేదు, నీళ్లు లేవు, ఫోన్లు లేవు. వారం రోజులు వీధివీధంతా కొమ్మలు తీసే పనే. కొండ మీది పాములకి కూడా ఇళ్లు పోయాయి కదా, అవీ కిందికి వచ్చాయి. మా మునగచెట్టు కింద పెద్ద జెర్రిపోతు ఉంది. దాన్ని తాచనుకుని కర్రలు తెచ్చిన వాళ్లని ఆపడానికి అమ్మ, నేను అరగంట బతిమాలాం. ఎలుకల్ని తినే పాము అది, విషం లేదు. చివరికి దానంతట అదే గోడ దాటి పోయింది.

ఆ వారంలోనే పక్కింటి అబ్బాయికి, పదిహేనేళ్లుంటాయి, కొమ్మల కుప్పలో చెయ్యి పెడితే ఏదో కరిచింది. రెండు గాట్లు. పాముని ఎవరూ సరిగ్గా చూడలేదు. వాళ్ల నాన్నమ్మ చీర కొంగు చింపి కట్టబోతోంది. నేను పరిగెత్తుకెళ్లి ఆవిడ చేతులు పట్టుకున్నాను. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ల కిందటి కొబ్బరి తాడు నా కళ్ల ముందు ఉంది. "వద్దు పిన్నిగారూ, కట్టొద్దు, కొయ్యొద్దు" అని ఏడుస్తూ చెప్పాను. నా ఏడుపు చూసే ఆవిడ ఆగారు అనుకుంటాను.

పిల్లాణ్ణి అరుగు మీద పడుకోబెట్టాం. నడవనివ్వలేదు. నడిస్తే, కండ కదిలితే, విషం ఒళ్లంతా తొందరగా పాకుతుంది. వాచిపోతే ఇరుక్కుపోతుందని చేతి ఉంగరం, కడియం ముందే తీసేశాం. చెయ్యి కదలకుండా మా బాబు స్కేలు పెట్టి, గుడ్డతో వదులుగా కట్టాం. ఈ కట్టు ఎముక విరిగినప్పుడు కట్టేదాని లాంటిదే, రక్తం ఆపే కట్టు కాదు. కరిచిన టైము వాడి చేతి మీదే పెన్నుతో రాశాను, 10.20. ఫోన్ పనిచేసి ఉంటే 108కి చేసేదాన్ని. పనిచెయ్యలేదు కాబట్టి ఆటో. దారంతా పడిన చెట్లు, తీగలు, చుట్టూ తిరిగి తిరిగి వెళ్లాం. వాడికి టెన్షన్ పెరగకుండా నేను దారి పొడుగునా క్రికెట్ గురించి మాట్లాడాను. నాకు క్రికెట్ రాదు.

ఆస్పత్రిలో కొంచెం రక్తం గాజు గొట్టంలో తీసి, ఇరవై నిమిషాలు కదపకుండా పెట్టారు. గడ్డ కడితే మంచిది, కట్టకపోతే పింజరి విషం అని అనుమానం. ఆ ఇరవై నిమిషాలు నేను గోడ గడియారం కేసే చూస్తూ కూర్చున్నాను. గడ్డ కట్టింది. అయినా పంపలేదు. కట్లపాము కాటైతే నొప్పి, వాపు ఏమీ ఉండకపోవచ్చు. గంటల తరవాత రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, ఊపిరి అందకపోవడం మొదలవుతాయి. అందుకని ఒక రోజంతా ఉంచి, గంటగంటకీ వాడి కళ్లు చూశారు. ఏమీ కాలేదు. విషం లేని పామో, విషం వదలని కాటో ఎవరికీ తెలీదు. మర్నాడు వాడు కళ్లు తెరిచి ఇడ్లీ అడిగాడు.

పాము కాటుకి మన దేశంలో ఎంతమంది పోతున్నారో నేను ఒకసారి చదివి పేపరు పక్కన పెట్టేశాను. 2000 నుంచి 2019 వరకు పన్నెండు లక్షల మంది అని 2020లో వచ్చిన అంచనా. ఏడాదికి సగటున 58,000. దాదాపు సగం వానాకాలంలో, జూన్ నుంచి సెప్టెంబర్ లోపు, ఎక్కువమంది పల్లెల్లో. మా చిన్నాన్న శ్రావణం, ముసురు, చీకటి, వట్టి కాళ్లు, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

ఇప్పుడు నా నడక మామ్మ నడకే, కొన్ని మార్పులతో. మెట్ల దారికి చీలమండలు కప్పే బూట్లు వేసుకుంటాను. దీనికి అమ్మ ఒప్పుకోదు. "అప్పన్న కొండకి చెప్పులేసుకుని ఎక్కుతావా" అంటుంది. గుడి దగ్గర విప్పేస్తాను కదమ్మా అంటాను. ప్రతిసారీ ఇదే వాదన, ప్రతిసారీ ఆవిడే గెలిచినట్టు ముఖం పెడుతుంది, నేను బూట్లు వేసుకునే వెళ్తాను. వదులుగా, మందంగా ఉండే ప్యాంటు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టను, బుస వినబడాలి. సాయంత్రం ఆలస్యమవుతుందనుకుంటే టార్చి తప్పనిసరి, ఫోన్ లైటుని నమ్ముకోను. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు సింహాచలం కొండ చుట్టూ చేసే గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ వట్టి కాళ్లతోనే చేస్తాను, అది రోడ్డు మీద, దీపాల మధ్య, లక్షల మందితో నడిచే నడక. అక్కడ కూడా ముడసర్లోవ వైపు కాళ్లు నొప్పెట్టి జనం రోడ్డు దిగి గడ్డిలో కూలబడుతుంటారు. వాళ్లని చూస్తే లేపి రోడ్డు పక్క గట్టు మీద కూర్చోబెట్టాలనిపిస్తుంది. నిరుడు ఇద్దర్ని అలాగే లేపాను కూడా.

నాగుల చవితికి ఇప్పటికీ పుట్ట దగ్గరికి వెళ్తాం. పాలు మాత్రం పుట్ట కన్నంలో పొయ్యం. పాము పాలు తాగదు, లోపల తడిసి చీమలు పడతాయి. చిన్న ముంతతో పుట్ట పక్కన పెట్టి దణ్ణం పెట్టుకుంటాం. చిన్నాన్న కూడా వస్తాడు. అరవై దాటాయి. కుడి బూటులో తీసేసిన వేళ్ల చోట దూది కుక్కుకుంటాడు. పుట్ట ముందు అందరికన్నా ఎక్కువసేపు నిలబడేది ఆయనే. ఏం మొక్కుకుంటాడో ఎప్పుడూ అడగలేదు.

పోయిన డిసెంబరులో మా బాబుతో ఆ మెట్లు ఎక్కాను. వాడిప్పుడు నాకన్నా పొడుగు. కర్ర వాడే పట్టుకున్నాడు. సగం దూరం వెళ్లాక వాడి చెయ్యి అడ్డంగా నా ముందుకి వచ్చింది. సన్నటి పసిరిక పాము కొమ్మ మీంచి కొమ్మ మీదకి పోతోంది, లేత తీగలా. ఇద్దరం ఆగాం. నేనేమీ చెప్పలేదు.

దిగేటప్పుడు చూస్తే కర్ర చప్పుడు మారింది. తిప్పి చూశాం. పొన్ను అరిగిపోయి ఒక పక్క వెదురు బయటపడింది. గోపాలపట్నంలో ఇనప పని చేసే ఆయన ఒకరున్నారు. ఆషాఢం లోపల కొత్త పొన్ను వేయించాలి.